వంగదు, విరగదు

ఎల్బీనగర్‌లో నేను పనిచేసే ఫోన్ల షాపులో కొత్తగా చేరినవాళ్లకు నేర్పే మొదటి విద్య ఫోను గురించి కాదు, ముఖం గురించి. ఒక సన్న ఫోను చేతికిస్తారు. దాన్ని రెండు చివర్లా పట్టుకుని, బొటనవేళ్లు రెండూ వెనక మధ్యలో ఆనించాలి. పళ్లు బిగించాలి, మెడ నరాలు కనిపించాలి, భుజాలు కాస్త వణకాలి. వేళ్లలో మాత్రం పిసరంత బలం కూడా పెట్టకూడదు. ఇంత కష్టపడినా వంగని ఫోనును చూసి ఎదుటి మనిషి నోరు తెరుస్తాడు. అప్పుడు మనం ఊపిరి వదిలి, "వంగదు, విరగదు సార్" అనాలి.

ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. నేను పళ్లు బిగిస్తే పక్క కౌంటర్ వాళ్లు కూడా పని ఆపి చూసేవాళ్లు.

ఫోన్లు సన్నబడుతున్న కొద్దీ కొనేవాళ్ల అనుమానాలు లావవుతూ వచ్చాయి. వెనక జేబులో పెట్టుకుని బండి మీద కూర్చునేవాళ్లు, లుంగీ మడతలో దోపుకునేవాళ్లు, దిండు కింద పెట్టుకుని దాని మీదే పడుకునేవాళ్లు, అందరికీ ఒకటే భయం. ఒకాయన కూరగాయల బండి దగ్గర బెండకాయ కొన విరిచి చూసినట్టు ఫోను మూల విరిచి చూడబోయాడు. లాక్కునేసరికి నా ప్రాణం పోయి వచ్చింది. ఎందుకంటే నిజం చెప్పాలంటే, ఆ ఫోను వంగుతుందో లేదో మా షాపులో ఎవరికీ తెలియదు. మేమెవరమూ ఎప్పుడూ వంచి చూడలేదు.

అయినా అందరికంటే సన్న ఫోను నేనే కొనుక్కున్నాను. అమ్మేవాళ్ల చేతిలో పాత ఫోను ఉంటే బాగుండదని మా మేనేజరు రోజూ సణిగేవాడు. అది కొన్న వారానికి రెండు రోజుల సెలవు దొరికితే, జనాలకు చూపించుకోవాలన్న ఆత్రంతో పోచంపల్లి బస్సెక్కాను.

మా ఇంట్లో ముందుగదంతా మగ్గమే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బాపు, ఆయన వెనక గోడవారన పోగులు పోసే ఆసు చట్రం దగ్గర అమ్మ, గడపలో తమలపాకులతో అవ్వ. బాపును కన్నది ఈ అవ్వే. ఆ ఇంట్లో ఏ ఇద్దరికి పడకపోయినా తీర్పు చెప్పేది, ఆ తర్వాత గొడవ పెంచేది కూడా ఆవిడే.

మా వాడకట్టులో ఏ వస్తువునైనా నమ్మే ముందు వంచి చూస్తారు. అడ్డపోగు నేసే కొత్త నాడె వచ్చినా, వెదురు బద్ద వచ్చినా, పిల్లలకు స్కూల్లో ఇచ్చిన స్కేలైనా, ముందు రెండు చేతుల్లోకి తీసుకుని కాస్త వంచి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. బాపు నా ఫోనుకు కూడా అదే మర్యాద చేయబోయాడు. నేను ఎగిరి అందుకుని, ఆ శ్రమ ఆయనకెందుకని, నా షాపు విద్య ప్రదర్శించాను. పళ్లు బిగించాను, మెడ నరాలు చూపించాను, వణికాను. బాపు తల ఊపాడు. అవ్వ మాత్రం నోట్లో ఆకు నములుతూ, ఇది ఫోనా అప్పడమా, నూనెలో వేస్తే పొంగుతుందా అని అడిగింది.

అమ్మ ఆసు ఆపి లేచి వచ్చింది. అమ్మ దేనికైనా లేచి రావడం నేను చూసింది తక్కువ. ఫోను చేతిలోకి తీసుకుని అంచు మీద వేలు నడిపించింది, మూలలు తడిమింది.

"గీ అద్దం పలుగుతదా?"

"పలగదే అమ్మా."

"గట్టిగ ఒత్తితే? అంచులు పదునుగుంటయా, కోస్తదా?"

షాపులో చెప్పినట్టే చెప్పాను. వంగదు, విరగదు, అంచులు కోయవు, ఏనుగు తొక్కినా ఏమీ కాదు. ఏనుగు సంగతి మా మేనేజరు కూడా ఎప్పుడూ చెప్పలేదు, ఇంటికొచ్చిన ఊపులో నేనే కలిపాను. అమ్మ ఇంకోసారి ఫోను బరువు చూసి కిటికీలో పెట్టి, వెళ్లి ఆసు దగ్గర కూర్చుంది. నా ఉద్యోగం గురించి అమ్మ ఇన్ని ప్రశ్నలు అడగడం అదే మొదలని నాకు చాలా గర్వంగా అనిపించింది.

ఇక మగ్గం మీద ఉన్న చీర సంగతి చెప్పాలి. ఎర్రటి పట్టు, నల్ల అంచు, ఒంటి నిండా తెల్లని చిలకలు. డిజైను కోసం పోగులకు ముడులేసి చిటికి కట్టిందీ, రంగుల్లో ముంచిందీ, ఆసు పోసిందీ అమ్మే. నేస్తున్నది బాపు. ఆ చీర అమ్మకేనని బాపు మాట ఇచ్చాడు. నల్లగొండలో మా చిన్నమ్మ ఇల్లు కట్టుకుంది, గృహప్రవేశానికి అమ్మ అది కట్టుకుని వెళ్లాలి.

ఇలాంటి మాట బాపు ఇంతకు ముందు కూడా ఇచ్చాడు. ఒక చీర, మా నేత కొనే సేటు కంటబడి ఆయనకు నచ్చి వెళ్లిపోయింది. ఒకటి మా మేనత్తకు పెట్టుబడి చీరగా వెళ్లింది. ఇంకొకటి ఎవరో పెద్దమనిషి భార్య ఊరు చూడటానికి వచ్చి, మగ్గం మీదే చెయ్యేసి ముచ్చటపడితే అలాగే వెళ్లింది. బాపు చెడ్డవాడు కాదు. ఎవరైనా తన నేతను మెచ్చుకుంటే ఆయనకు కాళ్లు భూమ్మీద ఉండవు, అంతే. ఇన్నేళ్లు చిటికి కట్టిన మా అమ్మ పెళ్లిళ్లకు కట్టుకునేది బజార్లో దొరికే పాలియెస్టరు చీర. దాని మీద అచ్చేసిన డిజైను మాత్రం మా పోచంపల్లిదే. ఎవరైనా చూసి, పోచంపల్లిదా అని అడిగితే అమ్మ అవునని తల ఊపేది. అది చూసినప్పుడల్లా నాకు బాపు మీద ఒళ్లు మండేది.

నేను వెళ్లిన రోజే సేటు వచ్చాడు. చీర అప్పటికి కొంగు దాకా వచ్చింది. ఆయన వంగి చూసి, చిలకల ముక్కులు ఇంత సూటిగా ఎవరికీ రాలేదన్నాడు. ఈ చీర కోసమే పుట్టిన బేరం తన దగ్గర ఒకటి ఉందన్నాడు. బాపు ఇది ఇంట్లోకని చెప్పాలి. చెప్పలేదు. ముసిముసిగా నవ్వుతూ నాడె విసురుతూ ఉన్నాడు. ఎన్నో ఏళ్లుగా అమ్మకు ఆ నవ్వు అర్థం తెలుసు, నాకూ తెలుసు. నేను మధ్యలో కలగజేసుకోబోతే అమ్మ కళ్లతోనే ఆపింది. చీర కోశాక వస్తానని సేటు వెళ్లిపోయాడు.  అమ్మ ఆసు మామూలు కంటే వేగంగా పోసింది.

మధ్యాహ్నం తిని నేను లోపలి గదిలో నిద్రపోయాను. లేచేసరికి ఫోను లేదు.

కిటికీలో లేదు, మంచం కింద లేదు, అవ్వ తమలపాకుల డబ్బాలో కూడా లేదు. అది వెతికినందుకు అవ్వ నన్ను నానా మాటలూ అంది. చివరికి అవ్వ దగ్గరున్న బటన్ల ఫోనుతో నా నంబరుకు కొట్టాను.

మగ్గం మూలిగింది. బిగించిన పడుగు, అంటే నిలువు పోగులన్నీ సన్నగా వణికాయి. ఆ తర్వాత, చుట్టిన చీర లోపలి నుంచి నా రింగ్‌టోను, గొంతు నొక్కినట్టుగా వినిపించింది. గుంటలో కూర్చున్న బాపు రెండు కాళ్లూ పైకి లాక్కున్నాడు.

మగ్గం తెలియనివాళ్ల కోసం కాస్త ఆగి చెప్తాను. బట్ట ఎదిగిన కొద్దీ దాన్ని నేసేవాడి ఒడి దగ్గరుండే లావుపాటి కర్రకు చుట్టుకుంటూ పోవాలి. ఒక్కరే చేసుకోగల పనే. కానీ బాపు భుజం పట్టేసినప్పటి నుంచి అది ఇద్దరి పని అయింది. బాపు పక్కనున్న తాడు వదులు చేస్తూ పడుగును ఇస్తాడు, అమ్మ కర్ర చివర బెజ్జంలో ఇనుప చువ్వ పెట్టి తిప్పుతుంది. తాడు వదిలేటప్పుడు బాపు కళ్లు పడుగు మీదే ఉంటాయి, బట్ట మీద ఉండవు. నేసిన బట్ట మీద పుస్తకాలు, దువ్వెన, మరమరాల గిన్నె పెట్టి చిన్నప్పటి నుంచి నేను తిన్న తిట్లకు లెక్క లేదు. కాబట్టి ఫోను కూడా నేనే అక్కడ పెట్టి మరిచిపోయి ఉంటాననీ, చూసుకోక చుట్టేశారనీ అందరూ తేల్చేశారు. నేను కూడా అదే అనుకున్నాను. అంత సన్నగా ఉంటే ఎవరి చేతికి తెలుస్తుంది?

ఇప్పుడే విప్పి తీయమన్నాను. బాపు ససేమిరా అన్నాడు. కొంగు డిజైను మధ్యలో ఉంది. ఇప్పుడు చుట్టు విప్పి, పడుగు వదులు చేసి మళ్లీ బిగిస్తే, అక్కడ బట్టకు అడ్డంగా ఒక గీత పడుతుంది. తన నేతలో గీత పడిందని ఎవరైనా అంటే ఆ రోజు ఆయన అన్నం తినడు. రెండు రోజుల్లో చీర అయిపోతుంది, కోసినప్పుడు ఫోను అదే వస్తుందన్నాడు. నాకు దిక్కుగా ఉంటుందనుకున్న అమ్మ కూడా, విప్పొద్దు, ఆగమంది. సెలవు ఇంకో రెండు రోజులు పెంచమని షాపుకు అవ్వ ఫోను నుంచే చెప్పుకున్నాను. కారణం అడిగితే, నా ఫోను చీరలో ఉందన్నాను. మేనేజరు ఇంకోసారి చెప్పమన్నాడు.

బ్యాటరీ వంగితే ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, అంటుకున్నా అంటుకుంటుందని నేను మొత్తుకున్నాను. దానికి అవ్వ తీర్పు చెప్పింది. చార్జింగు ఉంటేనే కదా మంట, అందరూ కలిసి ఫోన్లు కొట్టి చార్జింగు అవజేస్తే సరి. నా చదువుకు కూడా అది సబబుగానే తోచింది. సాయంత్రానికి వాడకట్టు అంతా నా నంబరు తెలుసుకుంది. ఎవరింట్లో వాళ్లు కూర్చుని కొట్టొచ్చు గదా, అలా కాదు, వచ్చి గడపలో నిలబడి, చీర మోగుతుంటే వింటూ కొట్టాలి. ఒకావిడ చీరతో మాట్లాడించమని తన మనవరాలిని ఎత్తుకొచ్చింది. మోగినప్పుడల్లా పడుగు వణికి పోగులు తెగుతాయని బాపు అరిస్తే, ఆయన చాయ్ తాగడానికి వెళ్లినప్పుడే కొట్టాలని అవ్వ వేళలు పెట్టింది. మిగతా సమయమంతా చుట్టిన చీర మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. నేను ఆదుర్దాగా చూస్తే, జ్వరం చూసే డాక్టరులా తల అడ్డంగా ఊపేది.

"జరం లేదు బిడ్డా. మంచిగనే పండుకుంది."

మర్నాడు పొద్దున్నే నా అలారం మోగింది. నా అలారం కోడికూత. ఎర్రచీరలో చిలకలుండగా కోడి కూయడం ఏమిటని బాపు మంచం మీద నుంచే అడిగాడు. ఆ కూతతో చార్జింగు అయిపోయింది. తర్వాత ఎంత కొట్టినా, మీరు డయల్ చేసిన నంబరు స్విచ్ ఆఫ్ అనే వచ్చింది.

ఇల్లు నిమ్మళించాక నాకు అసలు భయం పట్టుకుంది. అప్పటిదాకా నా ఫోను గురించే ఏడ్చాను. ఆ కర్రను చూస్తే అప్పుడు తట్టింది, అది గుండ్రటిది, ఫోను బల్లపరుపుది. పైన బిగుసుకున్న పట్టు దాన్ని ఆ గుండ్రానికి తగ్గట్టు వంచుతూ ఉంటుంది. అది వంగితే సరే. వంగక పగిలితే, గాజు ముక్కలు చీర మడతల్లో ఉంటాయి. ఒక్క ముక్క చాలు, మూడు నాలుగు పొరల పట్టు తెగిపోతుంది. ఆ చీర అమ్మకు మిగలదు, సేటుకూ పనికిరాదు.

అమ్మ వెనక దొడ్లో గిన్నెలు తోముతుంటే వెళ్లి ఆ సంగతి చెప్పాను. విప్పిద్దాం, గీత పడితే పడింది, బాపు ఒక పూట తినకపోతే కొంప మునగదన్నాను. అమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టలేదు.

"పలగదంటివి గదా?"

 షాపులో రోజుకు నలభైసార్లు చెప్పే మాట అమ్మ ముందు గట్టిగా రాలేదు. పలగదు అని గొణిగి లోపలికి వచ్చేశాను. ఆ రోజంతా మగ్గం దగ్గర కూర్చుని, ఎక్కడైనా చిటుక్కుమని వినిపిస్తుందా అని చెవులు రిక్కించుకున్నాను.  బాపు పోగును బిగిస్తూ దెబ్బ వేసిన ప్రతిసారీ చీర కాస్త బిగిసేది, నేనూ బిగిసేదాన్ని. అమ్మ నాడెలోకి పోగు కండెలు చుట్టి అందిస్తూ ఏదో పాట కూనిరాగం తీసింది.

చీర కోసే రోజు వాకిట్లో పండగకు చేరినట్టు చేరారు. బాపు పసుపు బొట్టు పెట్టి, కత్తెరతో కోసి, చుట్టు విప్పడం మొదలుపెట్టాడు. మొదట కొంగు వచ్చింది. తర్వాత ఒక వరస చిలకలు. ఆ తర్వాత నా ఫోను, నెమ్మదిగా జారి, అవ్వ పరిచిన బొంత మీద పడింది.

వంగింది. పాత ఇళ్ల మీద కప్పే గూన పెంకులాగా, మధ్యలో లేచి రెండు వైపులా దిగింది. నేల మీద పెట్టి ముట్టుకుంటే ఊయలలాగా ఊగింది. కానీ ఎక్కడా పగల్లేదు. అద్దం మీద వెంట్రుకవాసి గీటు కూడా లేదు. చార్జింగు పెడదామని నేను తొందరపడితే అవ్వ, ముందు దానికి నడుము పట్టించమంది. ఉబ్బు లేదని నాలుగు వైపులా చూసుకుని, బయట అరుగు మీద పెట్టి చార్జింగు పెట్టాను. వెలిగింది. వాడకట్టు వాళ్ల మిస్డ్ కాల్స్ అన్నీ వరసగా వచ్చి పడ్డాయి.

అమ్మ ఫోను వైపు చూడలేదు. చీరను వెలుగుకు పట్టి, అంగుళం అంగుళం తడిమి చూసింది. ఒక్క పోగు తెగలేదు. కానీ కొంగుకు కాస్త ముందు, ఫోను ఉన్న జాగాలో, నాలుగు మూలలతో సహా దాని అచ్చు పడింది. అంచుల దగ్గర పోగులు కొంచెం పక్కకు జరిగి, ఎర్రటి పట్టులో లేత ఎరుపు చట్రం కనిపిస్తోంది.

సేటు సాయంత్రం వచ్చాడు. చిలకలను మళ్లీ మెచ్చుకుంటూ చీర పరిపించి, ఆ అచ్చు దగ్గర ఆగిపోయాడు. వేలితో రుద్దాడు. కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. జరిగింది విన్నాక నవ్వాపుకుని, ఏం ఫరవాలేదు, సెకండ్స్ కింద, తక్కువ ధరకు రాసుకుంటానన్నాడు.

బాపు ముఖం చూడాలి ఆ క్షణంలో. ఆయన మగ్గం మీద నుంచి ఇన్నేళ్లలో సెకండ్స్ అనే చీర దిగలేదు. 

"నా శీర సెకండ్సా? నువ్వు రాసుకునుడేం వద్దు. మా ఇంటామె కట్టుకుంటది."

చీర మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ వెంటనే తీసుకోలేదు. అచ్చు పడ్డ చీర తనకెందుకు, నలుగురూ నవ్వరా అని మూతి ముడిచింది. బాపు బతిమాలాడు. ఆ అచ్చు చిలకల మధ్య ఎవరికీ కనిపించదన్నాడు, ఈ రంగు తనకే బాగుంటుందన్నాడు. అమ్మ ఇంకాసేపు బతిమాలించుకుని, సరే, ఇంత చెప్తున్నావు గనుక అని తీసుకుంది.

మర్నాడు నల్లగొండలో గృహప్రవేశానికి అమ్మ ఆ చీరే కట్టింది. వెనక్కి పోవాల్సిన ఆ అచ్చును సర్దుకుని సర్దుకుని సరిగ్గా భుజం మీదికి తెచ్చుకుంది. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ దాన్ని చూపించి, ఇక్కడ మా బిడ్డ ఫోను పండుకుందని చెప్పింది. పోచంపల్లిదా అని ఎవరో అడిగితే, మా ఇంటిది అంది. అమ్మను అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగితే, పొయ్యి పొగ అని చెప్పి తప్పించుకున్నాను.

తిరుగు బస్సులో అమ్మ నా పక్కన కూర్చుంది. ఊగుతున్న నా ఫోనును ఒళ్లో పెట్టుకుని, నేను చాలాసేపు ఆలోచించాను. ఫోను కిటికీలో పెట్టింది అమ్మే. కర్ర తిప్పింది అమ్మే. విప్పొద్దన్నదీ అమ్మే.

"అమ్మా, నువ్వే పెట్టినవా?"

అమ్మ కిటికీ బయటికి చూస్తూ, కొంగు సర్దుకుంది.

"పెన్ను పెడితె మీ బాపు చేతికి తగులుతది. అద్దం పెడితె పట్టు కోస్తది. సన్నగుండాలె, పలగొద్దు, అచ్చు పడాలె. గసొంటిది ఇంట్ల గదొక్కటే ఉండె."

"పలిగితే? నీ శీరనే పోవు గదనే."

"ఎట్ల పలుగుతది? వంగదు, ఇరగదు అని నువ్వే చెప్తివి. నా బిడ్డ మాట నమ్మి పెట్టిన."

బాపుకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. మళ్లీ సేటు నవ్వుతాడేమోనని ఆయన మగ్గం దగ్గరికి ఫోను రానివ్వడం మాత్రం మానేశాడు.

సెలవు అయి షాపుకు వెళ్లిన రోజు ఒకాయన వచ్చి, సన్న ఫోను చేతిలో తిప్పుతూ, వంగుతుందా అమ్మా అని అడిగాడు. అలవాటుగా రెండు చివర్లా పట్టుకున్నాను. పళ్లు బిగించలేదు. బొటనవేళ్లు వెనక ఆనించి, ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. మేనేజరు కుర్చీలో నుంచి లేచాడు.